ఈవెంట్ల పనిలో 4 ఏళ్లు అయింది, క్లయింట్లతో నేరుగా మాట్లాడే స్థాయికి ఎలా ఎదగాలి?

అందరికీ నమస్కారం. కాన్ఫరెన్సులు, కంపెనీ మీటింగులు ఏర్పాటు చేసే ఒక సంస్థలో 4 ఏళ్లుగా కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. రన్ షీట్ (ఏ సమయానికి ఏం జరగాలో రాసుకునే పట్టిక) తయారు చేయడం, హాల్ వాళ్లు పంపే బాంక్వెట్ ఆర్డర్‌లో (భోజనాలు, హాల్ ఏర్పాట్ల వివరాలుండే కాగితంలో) ప్రతి లైనూ సరిచూడటం, సౌండు, లైట్ల వాళ్లు సామాను ఎప్పుడు దించాలో చూసుకోవడం, ఇదంతా నా పనే. క్లయింటుతో మీటింగ్ అంటే మాత్రం మా మేనేజర్ ఒక్కరే వెళ్తారు, బడ్జెట్ కూడా నాకు చూపించరు. పోయినసారి వచ్చేవాళ్ల సంఖ్య పెరిగిన సంగతి నాకు చెప్పనేలేదు, కుర్చీలు చాలక హాల్ సిబ్బందితో కలిసి పరుగులు పెట్టాను, చివరికి మాట పడింది నేనే. చాలా బాధేసింది.

సీఎంపీ (సర్టిఫైడ్ మీటింగ్ ప్రొఫెషనల్, మీటింగులు, ఈవెంట్ల పని చేసేవాళ్లకిచ్చే సర్టిఫికెట్) పరీక్ష రాద్దామనుకుంటున్నాను. దానికి 36 నెలల ఫుల్‌టైమ్ అనుభవం, 25 గంటల శిక్షణ అడుగుతారు, అనుభవం నాకుంది. కానీ ఆ సర్టిఫికెట్ చూసి క్లయింట్ల ముందు కూర్చోబెడతారా, లేక ముందు మేనేజర్‌తోనే మాట్లాడి తేల్చుకోవాలా?

ఇంకోటి, సంస్థ మారితే ఇన్నాళ్లూ నమ్మకంగా పనిచేసిన వెండర్లతో పరిచయం కొనసాగించడం తప్పా? పాత సంస్థ రేట్లు ఎవరికీ చెప్పను, అందులో సందేహం లేదు. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు మీకు ఏం పనికొచ్చిందో చెప్పండి, ప్లీజ్.