నాకు రోజుకి 75, మా కుక్కకి పూటకి 600... థైరాయిడ్ డోసు ఇంతుంటుందా?

ప్రశ్న:
మా లాబ్రడార్‌కి ఏడేళ్లు, బరువు 30 కిలోలు. తిండి పెంచకపోయినా ఆర్నెల్లుగా ఒళ్లు చేస్తోంది, తోక మీద బొచ్చు ఊడి ఎలుక తోకలా అయింది, ఎండ ఎక్కడుంటే అక్కడికెళ్లి పడుకుంటోంది. రక్తపరీక్ష చేసి థైరాయిడ్ తక్కువుందని లెవోథైరాక్సిన్ పొద్దున 600 మైక్రోగ్రాములు, రాత్రి 600 రాశారు. నేనూ అదే మందు పదేళ్లుగా వేసుకుంటున్నా, నాది 75. మెడికల్ షాపతను చీటీ చూసి "సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో మేడమ్" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్.

జవాబు:
మందు ఒకటేగా, మీ 75 బిళ్లే రోజుకొకటి వేసి చూడండి.

జవాబు:
దయచేసి అలా చేయకండి, ఆ బిళ్ల దానికి ఏ మూలకీ చాలదు. మా బీగిల్‌కి నాలుగేళ్లుగా ఇస్తున్నాను, మొదటిసారి చీటీ చూసి నేనూ ఇలాగే కంగారుపడ్డా. మనుషులకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున రోజుకొకసారి లెక్కైతే, కుక్కలకి మామూలుగా కిలోకి 20, అదీ 12 గంటలకోసారి మొదలుపెడతారు. 30 కిలోలకి 600, లెక్క సరిపోయింది. కుక్క పేగులు ఈ మందుని సరిగా పీల్చుకోవు, పీల్చుకున్నది కూడా గంటల్లోనే సగానికి పడిపోతుంది, మన ఒంట్లో అయితే సగమవడానికి వారం పడుతుంది. అందుకే మనం ఒక పూట మర్చిపోయినా తెలీదు. గుండెజబ్బు, షుగర్ లాంటివి ఉంటే మాత్రం తక్కువతో మొదలుపెడతారు, అవి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ప్రాణం లేచొచ్చిందండీ! పెరుగన్నంలో కలిపి ఇవ్వొచ్చా? మళ్లీ పరీక్ష నాలాగే పరగడుపున చేయించాలా?

జవాబు:
తిండితో ఇస్తే ఒంటికి పట్టేది తగ్గుతుంది. వీలైతే తిండికి ముందు ఇవ్వండి, కుదరకపోతే తిండితోనే ఇవ్వండి, కానీ రోజూ ఒకేలా. ఒకరోజు అలా ఒకరోజు ఇలా ఇస్తే పరీక్షలో ఏ అంకె వచ్చిందో ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు. పరీక్షకి మాత్రం మనకి పూర్తిగా రివర్స్, ఆ రోజు మాత్ర వేశాక 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయాలి, డోసు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఎనిమిది వారాలకి. మనకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు దగ్గరి గ్రంథి పంపే హార్మోన్) చూస్తే చాలు, కుక్కల్లో దాన్నొక్కదాన్నే నమ్మలేం, జబ్బున్నా మామూలుగా కనిపించే కుక్కలు తక్కువేం కాదు, అందుకే టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) చూస్తారు. మనుషుల టీఎస్‌హెచ్ కిట్‌తో చేసే ల్యాబ్‌కి అసలు ఇవ్వకండి.

హుషారు రెండు వారాల్లో వస్తుంది, బొచ్చుకి నెలలు పడుతుంది, మొదట్లో ఇంకా ఊడినట్టు కూడా ఉంటుంది. దాహం, వగర్పు ఎక్కువై కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే డోసు ఎక్కువైనట్టు, డాక్టరుకి ఫోన్ చేయండి.

ఇంకోటి, మీ డబ్బా దాని డబ్బా ఒకే అరలో పెట్టకండి. అది మీ బిళ్ల మింగితే పెద్దగా ఏమీ కాదు, మీరు నిద్రమత్తులో దాని డోసు మింగితే గుండెదడ రావచ్చు.