సమస్యాపూరణం: ‘కన్ను చిన్నదైన కాటు పెద్ద’

నిర్వాహకులు: కొత్త మనిషిని చూసిన పెంపుడు పక్షి తీరు మీదే పూరించండి.

శుకప్రియ:
కొత్తవారు రాఁగ గూటిలోఁ జిలుకమ్మ
మెడను ఈకలెత్తి మెల్ల వంగి
పసుపు కంటి పాపఁ బలుమాఱు కుదియింప
కన్ను చిన్నదైన కాటు పెద్ద

గిజిగాడు: కనుపాప కుదింపును పట్టుకున్నారు, భేష్! పసుపు కన్ను వయసొచ్చిన ఆఫ్రికన్ గ్రే చిలుకకు చెల్లుతుంది. పిల్లకు ముదురు బూడిదరంగు, పాప కదలిక తెలియదు. మాటలు పలికేటప్పుడూ, ఇష్టమైన గింజ చూసినా పాప అలాగే చిన్నదీ పెద్దదీ అవుతుంది. మెడ ఈకలు లేచి, ఒళ్లు వంగి, తోక విప్పారితేనే చెయ్యి ఆపాలి. మీ రెండో పాదమే పద్యాన్ని నిలబెట్టింది, విసంధీ (సంధి కలపకుండా వదిలిన చోటు) అక్కడే పడింది! ‘మెడకు నీక’ అనండి.

రాయంచ:
జుట్టు తలకుఁ జేర్చి సుస్సని బుసకొట్టు
కాకటీలు చెంతఁ గరము చాఁప
నల్లఁగున్న పాప నలుసంత కాఁగానె
కన్ను చిన్నదైన కాటు పెద్ద

శుకప్రియ: ‘జు–సు’ యతి హాయిగా ఉంది. కానీ రాయంచ గారూ, కాకటీల్ అంటే తల మీద జుట్టున్న చిన్న చిలుక, మామూలుగా దానికి పాప చుట్టూ ముదురు గోధుమరంగే. పాప నలుసైందో లేదో ఎవరికి కనిపిస్తుంది? మూడో పాదం నిలవదు. మొదటి పాదం మాత్రం నిఖార్సు. పోయిన సమస్యలో గిజిగాడు గారు నిక్కిన జుట్టును స్వాగతమన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నిటారుగా నిక్కితే ఉలికిపాటు, కాస్త వెనక్కి వాలితే నెమ్మది, తలకు అతుక్కుని బుస వస్తే కాటు.

రాయంచ: ఆ చప్పట్లలో నావి లేవు. ఆ పద్యంలో నాలుగో పాదం యతి కూడా చూడాల్సింది.

గిజిగాడు: పాత పద్యం అక్కడే ఉంది, తీరిగ్గా చూడండి. ఇదిగో కొత్తది:
భుజము నెక్కి యుండఁ బొరుగింటి వారు రా
నలిగి పెంచువాని నదిమి కఱచు
అందకున్నఁ గోప మంతయు నిటె దిగు
కన్ను చిన్నదైన కాటు పెద్ద

నిర్వాహకులు: ‘ఇటె దిగు’! కొత్తవాడు అందకపోతే పక్కనున్న యజమానినే కరవడం చిలుకల్లో నిజంగా ఉన్నదే. తలుపు తీసేముందే భుజం మీది పక్షిని కొమ్మకు మార్చాలి. వచ్చినవారు టోపీ, నల్లకళ్లద్దాలు తీసి, సూటిగా చూడకుండా పక్కకు తిరిగి కూర్చోవాలి. కరిస్తే అరవకూడదు, చెయ్యి విదిలించకూడదు. లేకుంటే కరిస్తే మనిషి వెళ్లిపోతాడని పక్షి నేర్చుకుంటుంది. ఫించ్‌లనే చిన్న పిట్టలైతే కరవవు, బెదిరి పంజరం అవతలి మూలకు కొట్టుకుంటాయి. పంజరాన్ని ఒక వైపు గోడకు ఆనించి ఉంచితే తేరుకుంటాయి.

శుకప్రియ: పద్యం బాగుంది, ఒప్పుకోవాల్సిందే. అయితే రోజూ కనబడే పొరుగింటివారు పక్షికి కొత్తవారెలా అవుతారు? ‘పొరుగూరి వారు’ అనండి, గణమూ యతీ చెడవు.