బ్యూకెలార్ చేపల బజారు: సంత బొమ్మా, దేవుడి బొమ్మా?

గోదారిగట్టు:
16వ శతాబ్దపు చిత్రకారుడు యోఆకిమ్ బ్యూకెలార్ వేసిన చేపల బజారు పైకి బజారే గానీ అసలది మతం బొమ్మ అని నిన్న ఇక్కడ ఒకరు తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో 1569-70లో ఆయన నాలుగు భూతాల పేరుతో నాలుగు పెద్ద బొమ్మలు వేశాడు. భూమికి కూరగాయల బజారు, నీటికి చేపలు, గాలికి కోళ్లూ పక్షులూ, నిప్పుకి వంటగది. ఇప్పుడవి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. చేపల బొమ్మలో దూరంగా వంపు ద్వారంలోంచి చూస్తే తిబెరియ సముద్రపు ఒడ్డున క్రీస్తు కనిపిస్తాడు, నిజమే. చేపలు 12 రకాలు, శిష్యులూ 12 మందే, అదీ సరే. కానీ క్రీస్తు వేలెడంత, చేపలమ్మేవాళ్లు దాదాపు మనిషంత! చర్చి బొమ్మల్లో పునీతులు ఉండే చోట బుట్టలు పెట్టుకుని వీళ్లు కూర్చున్నారు. నాకు అదే అసలు సంగతి.

రంగులడబ్బా:
మీరు కాలాన్ని వదిలేశారండీ. 1566 ఆగస్టులో ఆంట్వెర్ప్ చర్చిల్లో విగ్రహారాధన తప్పనే ప్రొటెస్టంట్లు విగ్రహాలు, బొమ్మలు పగలగొట్టారు. ఆయన గురువు, మేనత్త భర్త కూడా అయిన పీటర్ ఆర్ట్సెన్ చర్చిలకు వేసినవి చాలా అప్పుడే పోయాయి. ఆ భయంతోనే దేవుణ్ణి వెనక్కి జరిపి ఉంటాడు, చేపలవాళ్ల మీద గౌరవంతో కాదు. ఇంకోటి, ఇది రోజువారీ బతుకేనా? 1565-66లో అక్కడ తిండిగింజల ధరలు మండిపోయాయి, 1567లో ఆల్బా ప్రభువు స్పెయిన్ సైన్యంతో దిగాడు. ఈ బజార్లలో ఆకలీ లేదు, సిపాయీ లేడు. ఇది డబ్బున్నవాళ్లు గోడకి తగిలించుకునే సమృద్ధి.

గోదారిగట్టు:
భయం మాట నిలబడదండీ. ఆర్ట్సెన్ మాంసం కొట్టు బొమ్మ వేసింది 1551లో, అంటే ఆ విధ్వంసానికి 15 ఏళ్ల ముందే. అందులోనూ ముందంతా ఎద్దు తల, మాంసం, సాసేజీలు, వెనక ఐగుప్తుకి పారిపోతున్న మరియమ్మ కుటుంబం చిన్నగా. దేవుడు వెనక్కి వెళ్లింది అప్పుడే. ఆకలి లేదన్న మాట మాత్రం నన్ను ఆపింది. మళ్లీ తీసి చూశాను. ఆ 1551 బొమ్మలో మరియమ్మ దారిలో ఒక బిచ్చగాడికి రొట్టె ఇస్తోంది. ఇంత మాంసం ముందు పరిచిన బొమ్మలో ఆకలి ఉన్నది ఆ మూలే, వెనక్కి చూడక్కర్లేదన్నట్టు నేను వదిలేసిన ఆ చిన్న దృశ్యంలోనే. అక్కడ మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. బజారు బొమ్మే అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.