డల్లాస్‌లో ఇల్లంతా నేల కింద వేడినీళ్ళ పైపులా? అమ్మేవాళ్ళ మాట నమ్మొచ్చా?

ఫ్రిస్కో కొత్తిల్లు: ఇంకో రెండు వారాల్లో మా స్లాబ్ పోస్తారు (మన ఊళ్ళో స్లాబ్ అంటే పైకప్పు, ఇక్కడేమో పునాది). ఒక కాంట్రాక్టర్ వచ్చి, ఇల్లంతా పైపులు పరిచి బాయిలర్‌తో వేడినీళ్ళు తిప్పుదాం, కాళ్ళకి వెచ్చగా ఉంటుంది, గాలి కొట్టదు, దుమ్ము లేవదు అంటున్నాడు. మా ఆవిడకి తెగ నచ్చేసింది. ఏసీ లేకుండా సగం ఏడాది గడవని ఊళ్ళో ఇది అవసరమా? సూటిగా చెప్పండి.

పైపులాయన: నేనూ ఇదే వ్యాపారంలో ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా. 2021 ఫిబ్రవరి మర్చిపోయారా అందరూ? 16న ఇక్కడ ఎయిర్‌పోర్టులో సున్నాకి కింద 2 ఫారెన్‌హీట్, 1949 తర్వాత అంత చలి అదే. ఒక డబ్బాడు నీళ్ళు అంతే డబ్బాడు గాలి కంటే 3,000 రెట్లకు పైగా వేడి మోస్తాయి, అందుకే డక్టు (గాలి మోసే పెద్ద గొట్టం) చేసే పని అరంగుళం పైపు చేస్తుంది. వేడి కింద నుంచి వస్తుంది కాబట్టి పిల్లలు నేల మీద ఆడుకున్నా హాయి.

నల్లరేగడి: అన్నా, ఆ వారం టెక్సాస్‌లో 45 లక్షల ఇళ్ళకీ షాపులకీ కరెంటే లేదు కదా, నీ పంపు దేంతో తిరిగేది?

పైపులాయన: పంపుకి ఒక పాతకాలం బల్బు అంత కరెంటు చాలు తమ్ముడూ, చిన్న బ్యాటరీ మీద నడుస్తుంది. నీ ఫర్నేస్ బ్లోయర్‌కి, అంటే వేడిగాలిని డక్టుల్లోకి తోసే ఫ్యానుకి, వందల వాట్లు కావాలి.

నల్లరేగడి: సరే, ఆ ముక్క ఒప్పుకుంటా. కానీ ఇక్కడి మట్టి మన గుంటూరు రేగడి లాంటిదే, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. ఎండాకాలం పునాదికి నీళ్ళు పెట్టుకునే ఊరండీ ఇది! అందుకే చాలా ఇళ్ళకి పోస్ట్ టెన్షన్ స్లాబ్ వేస్తారు, లోపల ఉక్కు తీగలు లాగి బిగించి ఉంటాయి, రేపు పైపు కారితే ఎక్కడ పడితే అక్కడ కోయడానికి కుదరదు.

ఏసీ మేస్త్రి: మట్టి సంగతి పక్కన పెట్టండి, అసలు చిక్కు వేరే. జనవరిలో ఇక్కడ పొద్దున 35 ఫారెన్‌హీట్ ఉంటే మధ్యాహ్నం 72 అయిన రోజులు నేనే ఎన్నో చూశాను. కాంక్రీట్ వేడెక్కడానికి గంటలు, చల్లారడానికి ఇంకా ఎక్కువ గంటలు. పొద్దున ఆరింటికి కావాలంటే రాత్రే మొదలుపెట్టాలి, మధ్యాహ్నానికి నేల ఇంకా వేడి కక్కుతుంటే మీరు ఏసీ వేసుకుంటారు. నెలల తరబడి ఒకే చలి ఉండే మిన్నెసోటాలో ఇది బంగారం, ఇక్కడ కాదు. పైగా ఏసీ కోసం డక్టులు ఎలాగూ వేయాలి, అవి ఉన్నాక వాటికే హీటింగ్ తగిలించడం ఎంత పని? ఒకే ఇంటికి రెండు సిస్టమ్‌ల డబ్బు కడతారు.

ఘట్‌కేసర్ కుర్రోడు: మరి అదే పైపుల్లో వేసవిలో చల్లనీళ్ళు తిప్పొచ్చుగా? హైదరాబాద్ పోచారం ఇన్ఫోసిస్‌లో ఒక బిల్డింగ్ సగం అలాగే, సగం మామూలు ఏసీతో కట్టారు, పైపుల సగానికి చల్లబరిచే కరెంటు మూడో వంతు తగ్గింది.

ఏసీ మేస్త్రి: నిజమే, కానీ అక్కడ తేమ తీసేసిన గాలిని విడిగా పంపుతారు బాబూ. అది లేకుండా మే నెలలో చల్లనీళ్ళు వదిలితే నేలంతా చెమట పట్టి జారుతుంది. అంటే మళ్ళీ డక్టులే.

పైపులాయన: ఇల్లంతా అక్కర్లేదంటే బాత్రూముల వరకైనా...

నల్లరేగడి: రెండు బాత్రూములకి బాయిలరా అన్నా! టైల్ కింద కరెంటు మ్యాట్ వేస్తే సరిపోదూ?

పైపులాయన: సరిపోతుంది. మ్యాట్లు నేను అమ్మను.

ఫ్రిస్కో కొత్తిల్లు: 😂 మాస్టర్ బాత్రూములో ఒక మ్యాట్, దానికి టైమర్. మిగిలిన డబ్బు కిటికీలకి, అటకలో ఇన్సులేషన్‌కి పెడుతున్నాం. పైపులాయన గారూ, ఆ బ్యాటరీ సంగతి మాత్రం విడిగా మెసేజ్ పెట్టండి, ఫర్నేస్ బ్లోయర్‌కి ఎంత బ్యాటరీ కావాలో మీకే బాగా తెలిసేలా ఉంది.