ఫొటో కోసం జీవిని పుల్లతో కదపవచ్చా?

నల్లఇసుక: ఇండోనేసియాలోని లెంబే జలసంధిలో పక్క బృందపు గైడు నీలివలయాల ఆక్టోపస్‌ను ఉక్కుపుల్లతో పొడవడం చూశాను. అప్పటిదాకా బురద రంగులో ఇసుకకు అతుక్కుని ఉన్నది ఒక్కసారిగా ఒళ్లంతా నీలం వలయాలతో మెరిసింది. కెమెరాలన్నీ దాని మీద పడ్డాయి. బెదిరితే అలా మెరుస్తుందని అక్కడ అందరికీ తెలుసు. మక్ డైవింగ్‌లో, అంటే ఇసుక, బురద అడుగున చిన్న జీవులను వెతుక్కుంటూ చేసే డైవింగ్‌లో, ఇది మామూలే అంటారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

కటకం: పుల్ల సంగతి తర్వాత. ముందు ఫ్లాష్ ఆపండి. సముద్రగుర్రానికి కనురెప్పలే లేవు. వరుసగా ఫ్లాష్ కొడుతూ ఉంటే దాని కళ్లు ఏం కావాలి?

బుడగలు: పుల్ల లేకపోతే ఆ ఇసుకలో మనకు ఇసుకే కనిపిస్తుంది.

నల్లఇసుక: కటకం గారూ, నేను అడిగింది పుల్ల గురించి. ఫ్లాష్ మీద 2019లో పరిశోధన వచ్చింది. మనిషి దగ్గరికి వస్తే కలిగే బెదురు కంటే ఫ్లాష్ వల్ల ఎక్కువేమీ కలగలేదు, సముద్రగుర్రాల కళ్లకు హాని కూడా కనిపించలేదు. జీవులను బాగా కలవరపెట్టింది తాకి కదపడమే.

కటకం: ఆ పరిశోధకులు నా ముందున్న పెద్దమనిషిని చూడలేదు. గొర్గోనియన్ పగడం మీద పిగ్మీ సముద్రగుర్రం, మూడు సెంటీమీటర్లు కూడా లేదు, ఆ బుడిపెల్లో తానూ ఒక బుడిపెలా ఉంది. పాపం ముఖం తిప్పుకుంటూనే ఉంది, ఆయన కొడుతూనే ఉన్నాడు. నా వంతు వచ్చేసరికి ట్యాంకులో గాలి అయిపోవచ్చింది.

నల్లఇసుక: అంటే మీ బాధ దాని కళ్ల గురించా, మీ వంతు గురించా?

కటకం: మర్యాదగా మాట్లాడండి. మీ ప్రొఫైల్‌లోని ఫ్లాంబోయంట్ కటిల్‌ఫిష్, ఆ రంగులు మార్చే ఆక్టోపస్ చుట్టం, ఊదా, పసుపు రంగుల్లో ఎందుకు వెలిగిపోతోంది? బతిమాలారా?

ఇసుకబాట: నేను గైడును. ఆ కటిల్‌ఫిష్‌ను దాని మానాన వదిలేస్తే ఎక్కువసేపు ఇసుక రంగులోనే ఉంటుంది, చేతుల మీద మెల్లగా నడుచుకుంటూ పోతుంది. అతిథులకు ఆ నడక అక్కర్లేదు, రంగు కావాలి. నీళ్లలోనే పలక మీద ‘రంగు’ అని రాసి నా ముఖం ముందు పెట్టినవాళ్లున్నారు. పొడవనన్న రోజు బక్షీస్ లేదు, పైగా యజమానికి ఫిర్యాదు. మీరంతా పుల్ల పట్టిన చేతినే తిడుతున్నారు.

నల్లఇసుక: తిట్టక? పొడిచింది ఆ చెయ్యే కదా. ఇక నా ఫొటోలోది మగది, ఆడదాని ముందు ఒయ్యారాలు పోతోంది. ఎవరూ తాకలేదు.

బుడగలు: అందరూ అదే చెబుతారు.

ఇసుకబాట: పుల్ల ఉన్నది ఇసుకలో గుచ్చి నిలదొక్కుకోవడానికి, అడుగున మట్టి రేగకుండా. పడవ ఎక్కేముందే ‘రంగు అక్కర్లేదు’ అని చెప్పండి, దానికే వాడతాను. బక్షీస్ మాత్రం కోయకండి.