1969లో రీగా సోవియట్ చేతిలో ఉంటే వాషింగ్టన్‌లో లాట్వియా లెగేషన్ ఎలా నడిచింది?

బీచ్‌రోడ్_చదువరి

మన ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ 1969 డిసెంబరు 18న రీగాలో నేవీలో చేరింది. రీగా ఇప్పుడు లాట్వియా రాజధాని, అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఒక రేవు పట్నం. ఇక్కడిదాకా నాకు బాగానే అర్థమైంది. కానీ సరిగ్గా అదే ఏడాది వాషింగ్టన్‌లో లాట్వియాకి ఒక లెగేషన్ (ఎంబసీ కన్నా ఒక మెట్టు కింది దౌత్య కార్యాలయం) ఉందట, దాని మీద పాత లాట్వియా జెండా ఎగిరేదట, అందులో పనిచేసేవాళ్ళని అమెరికా ప్రభుత్వం మామూలు దౌత్యవేత్తల్లాగే చూసేదట. 1940లో దేశం పోయింది, 1991లో తిరిగొచ్చింది. మధ్యలో యాభై ఏళ్ళకి పైగా ఈ ఆఫీసు ఎవరి తరఫున నడిచింది? వాళ్ళకి జీతాలెవరిచ్చారు? ఒకాయన చనిపోతే తర్వాతాయన్ని ఎవరు వేశారు?

మా రూమ్మేట్ ఇదంతా కోల్డ్ వార్‌లో అమెరికా ఆడించిన నాటకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాడు. గ్రూప్స్ సిలబస్‌లో ఇది లేదు, అయినా వదలబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

ఏయూ_పాత_మాస్టారు

మంచి ప్రశ్న వేశావు బాబూ. మీ రూమ్మేట్ మాటకి ముందు తేదీలతో జవాబు చెప్తాను. బాల్టిక్ దేశాల (లాట్వియా, ఎస్టోనియా, లిథువేనియా) ఆక్రమణని గుర్తించబోమనే తన విధానాన్ని అమెరికా ప్రకటించింది 1940 జూలై 23న. అప్పటి తాత్కాలిక విదేశాంగ మంత్రి సమ్నర్ వెల్స్ పేరుతో ఆ ప్రకటన వచ్చింది. అప్పటికి కోల్డ్ వార్ అన్న మాటే లేదు. ఆ తర్వాత 1941 నుంచి 1945 దాకా అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే పక్షాన నిలబడి హిట్లర్‌తో యుద్ధం చేశాయి, ఆ నాలుగేళ్ళలో కూడా వాషింగ్టన్‌లోని లాట్వియా లెగేషన్ మూతపడలేదు. నాటకమే అయితే మిత్రుడి మొహం చూసి అప్పుడే తెర దించెయ్యాలి కదా.

ఇక అసలు కథ. లాట్వియా 1918 నవంబరు 18న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, అమెరికా 1922 జూలై 28న గుర్తించింది. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంలోని రహస్య భాగంలో ఈ ప్రాంతం స్టాలిన్ వాటాకి పోయింది. అదే ఏడాది అక్టోబరులో లాట్వియా తన నేల మీద సోవియట్ సైనిక స్థావరాలకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ముప్పు ఎటునుంచి వస్తోందో రీగాలో అందరికీ తెలుసు.

అప్పుడు వాళ్ళు చేసిన ఒక పని వల్లే మనం ఇవాళ ఈ చర్చ చేసుకుంటున్నాం. 1940 మే 17న లాట్వియా మంత్రివర్గం లండన్‌లో ఉన్న తన రాయబారి కార్లిస్ జారిన్ష్‌కి అత్యవసర అధికారాలు ఇచ్చింది. స్వదేశంలోని ప్రభుత్వంతో సంబంధాలు తెగిపోతే విదేశాల్లో ఉన్న లాట్వియా కార్యాలయాలన్నిటినీ ఆయనే నడపాలి, ఆస్తుల్ని, నిధుల్ని ఆయనే చూసుకోవాలి. ఆయన పనిచెయ్యలేని పరిస్థితి వస్తే ఆ బాధ్యత వాషింగ్టన్‌లోని ఆల్‌ఫ్రెడ్స్ బిల్మానిస్‌ది. సరిగ్గా నెలకి, జూన్ 17న, సోవియట్ సైన్యం రీగాలోకి వచ్చేసింది. జూలైలో ఒకే ఒక్క అభ్యర్థుల జాబితాతో ఎన్నికలు పెట్టారు, ఆ సభ సోవియట్ యూనియన్‌లో చేర్చుకోమని తీర్మానం చేసింది, ఆగస్టు 5న మాస్కో చేర్చుకుంది. ఆ అధికార పత్రం మాత్రం అప్పటికే దేశం దాటిపోయింది.

బిల్మానిస్ కొత్త ప్రభుత్వం మాట వినలేదు, లెగేషన్ తాళాలు ఇవ్వలేదు. అమెరికా ఆయన్నే అసలు రాయబారిగా చూసింది. మన విశాఖలో భూముల గొడవలు చూసినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది: కబ్జా చేసినవాడు ఇంట్లో ఏళ్ళ తరబడి కాపురం ఉండొచ్చు, అయినా పట్టా అతని పేరు మీదికి రాదు. అమెరికా పట్టా మార్చడానికి ఒప్పుకోలేదు.

జీతాల సంగతి అడిగావు. వెల్స్ ప్రకటనకి ఎనిమిది రోజుల ముందే, జూలై 15న, రూజ్‌వెల్ట్ బాల్టిక్ దేశాల ఆస్తుల్ని స్తంభింపజేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. న్యూయార్క్‌లో ఉన్న లాట్వియా బంగారం, డబ్బు అలా మాస్కో చేతికి పోకుండా ఆగింది. లెగేషన్ ఖర్చులు, జీతాలు ఆ నిధులనుంచే, అమెరికా ప్రభుత్వ అనుమతితో తీసుకున్నారు. అంటే ఇది అమెరికా డబ్బుతో నడిచిన ఆఫీసు కాదు, లాట్వియా ప్రజల సొంత సొమ్ముతో నడిచింది. ఈ ఒక్క విషయం చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెప్తున్నాను.

ఇంకోటి. ఇది ప్రవాస ప్రభుత్వం కాదు. మంత్రులు లేరు, పార్లమెంటు లేదు. దేశాధినేత కార్లిస్ ఉల్మానిస్‌ని సోవియట్ వాళ్ళు తీసుకుపోయారు, 1942లో ఖైదులోనే చనిపోయాడు. పైగా ఆయన కూడా 1934లో పార్లమెంటుని రద్దు చేసి ఏకపక్షంగా పాలించినవాడే. బిల్మానిస్, జారిన్ష్‌లకి అధికారం ఇచ్చింది ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కాదన్నమాట. ఇది దాచాల్సిన పనిలేదు. ఆ దౌత్యవేత్తలు నిలబెట్టింది మాత్రం ఉల్మానిస్ కుర్చీని కాదు, దేశపు హక్కుని.

కంచరపాలెం_కుర్రాడు

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది గానీ అమెరికాని మరీ దేవుణ్ణి చేస్తున్నట్టుంది. 1945లో ఐక్యరాజ్యసమితి పెట్టినప్పుడు లాట్వియాకి కుర్చీ ఇచ్చారా? లేదు. అదే ఏడాది యాల్టా సమావేశంలో స్టాలిన్ పక్కన కూర్చుని ఫొటోలు దిగినప్పుడు ఈ లెగేషన్ గుర్తొచ్చిందా? జెండా ఎగరనిచ్చారు, అంతకు మించి ఏం చేశారు? బ్రిటన్ ఇంకా ఘోరం. లాట్వియా రాయబారిని లండన్‌లో ఉండనిచ్చింది కానీ సోవియట్ పాలన వాస్తవంలో ఉందని ఒప్పుకుంది, తన దగ్గర దాచుకున్న బాల్టిక్ దేశాల బంగారాన్ని 1967లో అమ్మేసి మాస్కోతో ఉన్న లెక్కలు తేల్చుకోవడానికి వాడుకుంది. నమ్మి దాచుకున్న సొత్తుని అలా వాడేసుకుంటే దాన్ని ఏమంటాం? స్వీడన్ అయితే 1940లోనే కలిపేసుకోవడాన్ని ఒప్పుకుని బాల్టిక్ లెగేషన్ భవనాలు సోవియట్ వాళ్ళకి అప్పగించేసింది. పెద్ద దేశాలు తమకి నష్టం లేనంతవరకే సూత్రాలు మాట్లాడతాయి. నా కోపం అంతా అక్కడే.

ఏయూ_పాత_మాస్టారు

నీ కోపంలో న్యాయం ఉంది. బంగారం విషయంలో బ్రిటన్ చేసింది తప్పే, 1992లో ఆ మేరకు తిరిగి ఇస్తామని ఒప్పుకుంది కాబట్టి వాళ్ళకీ తెలుసు. అమెరికా సైన్యం పంపలేదు, పంపే ఉద్దేశమూ లేదు. కానీ "జెండా ఎగరనిచ్చారు, అంతే" అన్నావు చూడు, అక్కడ ఒప్పుకోను. ఆ లెగేషన్ ఇచ్చిన పాస్‌పోర్టు అమెరికాలో చెల్లింది. సోవియట్ మ్యాపుల్ని అమెరికా ప్రభుత్వం అచ్చువేసినప్పుడు ఈ మూడు దేశాల విలీనాన్ని తాము గుర్తించలేదని ఒక వాక్యం పెట్టేవాళ్ళు. ప్రతి నవంబరు 18కి లెగేషన్‌కి శుభాకాంక్షలు వెళ్ళేవి. చిన్నవిగా కనిపిస్తాయి, కానీ చట్టం దృష్టిలో ఇవన్నీ సాక్ష్యాలు. గుర్తించడం ఒక్కసారి మానేసి ఉంటే 1991లో లాట్వియా పాత దేశంగా కాకుండా, సోవియట్ నుంచి విడిపోయిన కొత్త ముక్కగా నిలబడాల్సి వచ్చేది.

ఆస్ట్రేలియాని చూడు. 1974లో అక్కడి ప్రభుత్వం విలీనాన్ని చట్టబద్ధంగా గుర్తించింది, అక్కడున్న బాల్టిక్ ప్రజలు వీధుల్లోకి వచ్చారు, మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆ గుర్తింపు వెనక్కి తీసుకున్నారు. అంటే ఈ కాగితాల మీది గుర్తింపు ఆ జనానికి ఎంత ముఖ్యమో అర్థం చేసుకో.

డాల్ఫిన్‌నోస్_నావికుడు

మర్చంట్ నేవీలో చేసి రిటైరైనవాణ్ణి, మాస్టారు చెప్పనిది ఒకటి చెప్తాను తమ్ముళ్ళూ. ఓడకి జెండా ఒక్కటి ఉంటే సరిపోదు, ఆ జెండా తరఫున కాగితాల మీద సంతకం పెట్టేవాడు బయటి రేవుల్లో ఉండాలి. రిజిస్ట్రీ కాగితాలు, సిబ్బంది అగ్రిమెంట్లు, ఎవరైనా సముద్రంలో చనిపోతే ఆ రాతకోతలు, ఏ పని పడినా కాన్సల్ దగ్గరికే వెళ్ళాలి. కాన్సల్ లేని ఓడ ఏ రేవులోకి వెళ్ళినా దిక్కులేనిదే.

1940లో సోవియట్ వాళ్ళు లాట్వియా ఓడలన్నీ జాతీయం చేశామని ప్రకటించి, ఎక్కడున్నా సరే సోవియట్ రేవులకి వచ్చెయ్యమని కబురు పెట్టారు. అమెరికా వైపు ఉన్న ఎనిమిది ఓడలు వెళ్ళలేదు. ఆ ఓడల్లోవాళ్ళ ఇళ్ళు, పెళ్ళాం పిల్లలు రీగాలోనో లియెపాయాలోనో ఉన్నారు, వెళ్ళకపోతే వాళ్ళకేమవుతుందో అన్న భయం ఉంటుంది, ఆ టెన్షన్ సముద్రం మీద బతికినవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఓడలు లాట్వియా జెండాతోనే అమెరికా తరఫున యుద్ధకాలంలో సరుకు మోశాయి. సిల్త్‌వైరా అనే ఓడని 1942 జనవరిలో నార్త్ కరొలైనా తీరంలో జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొట్టింది. ఎనిమిదిలో ఆరు యుద్ధంలో మునిగిపోయాయి. దేశమే లేదని ఇటు సోవియట్, అటు జర్మనీ అంటున్న రోజుల్లో ఆ జెండా కింద మనుషులు చనిపోయారు.

ఆ ఓడల తాలూకు డబ్బు కోసం సోవియట్ లాట్వియా పేరుతో ఒక ప్రభుత్వ షిప్పింగ్ కంపెనీ అమెరికా కోర్టుకి ఎక్కింది. జాతీయం చేసిన ఉత్తర్వుని మా ప్రభుత్వం గుర్తించలేదు కాబట్టి మేమూ గుర్తించం అని 1951లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు కొట్టేసింది. లెగేషన్‌ని గుర్తించడం అంటే పార్టీలకి పిలవడం కాదు, కోర్టులో కేసు ఎటు తిరుగుతుందో దాన్నిబట్టే ఉంటుంది. కంచరపాలెం తమ్ముడు ఇది గమనించాలి.

బీచ్‌రోడ్_చదువరి

నావికుడు బాబాయ్, ఈ ఓడల విషయం నేనెక్కడా చదవలేదు, చాలా థ్యాంక్స్. మాస్టారూ, నా మూడో ప్రశ్న మిగిలిపోయింది. మనుషులు ముసలివాళ్ళవుతారు కదా. 1940లో నలభై ఏళ్ళవాడు 1980కి ఏమవుతాడు? కొత్తవాళ్ళని నియమించడానికి ప్రభుత్వమే లేదు. అలాగే మన దేశం ఏ వైపు ఉందో కూడా చెప్పండి.

ఏయూ_పాత_మాస్టారు

అదే వాళ్ళని తినేసిన బాధ. బిల్మానిస్ 1948లో చనిపోయాడు. తర్వాత ఫెల్డ్‌మన్స్ వచ్చాడు, 1953లో ఆయనా పోయాడు. ఆ తర్వాత ఆర్నోల్డ్స్ స్పెకే. ఈయన చరిత్రకారుడు, 1940కి ముందు రోమ్‌లో లాట్వియా రాయబారి. నువ్వడిగిన 1969లో వాషింగ్టన్ లెగేషన్‌లో ఉన్నది ఈయనే. లండన్‌లో జారిన్ష్ 1963లో పోయాక విదేశాల్లోని దౌత్య వ్యవస్థ మొత్తానికి పెద్దదిక్కు వాషింగ్టనే అయింది. స్పెకే తర్వాత అనతోల్స్ దిన్‌బెర్గ్స్. గమనించు, ఒకరి తర్వాత ఒకరు వచ్చినవాళ్ళంతా స్వతంత్ర లాట్వియా విదేశాంగ శాఖలో ఉద్యోగం చేసినవాళ్ళే. వారసత్వం తెగలేదని చూపించడానికి అదే ఆధారం, అందుకే కొత్త తరాన్ని తీసుకోవడం అంత కష్టమైంది.

పక్క దేశాలదీ అదే అవస్థ. న్యూయార్క్‌లో ఎస్టోనియా కాన్సులేట్‌ని 1965 నుంచి నడిపిన ఎర్నస్ట్ యాక్సన్ 1905లో పుట్టినవాడు, 1991లో 86 ఏళ్ళ వయసులో తన దేశానికి వాషింగ్టన్‌లో రాయబారి అయ్యాడు. లిథువేనియా లెగేషన్‌కి 1980లో డబ్బు అయిపోయింది, అప్పుడు లాట్వియా నిధులనుంచి అప్పు ఇచ్చి దాన్ని నిలబెట్టారు. వాషింగ్టన్ 16వ వీధిలో లిథువేనియా 1924లో కొన్న ఇల్లు ఇవాళ్టికీ వాళ్ళ ఎంబసీయే. 1987లో అక్కడ బాధ్యత తీసుకున్న స్టాసిస్ లోజొరైటిస్‌కి దేశం పోయినప్పుడు పదహారేళ్ళు, అంటే చివరికి వచ్చేసరికి తర్వాతి తరాన్ని తీసుకోక తప్పలేదు. ఆయన తండ్రి కూడా లిథువేనియా దౌత్యవేత్తే.

భారత్ సంగతి. మనకి స్వాతంత్ర్యం వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. మాస్కోతో స్నేహం మనకి అవసరం, ఢిల్లీలో ఈ దేశాల లెగేషన్ ఏదీ లేదు. మన నేవీ సబ్‌మెరైన్లు తీసుకుంది రీగాలోనే కదా. 1991 సెప్టెంబరులో సోవియట్ ప్రభుత్వమే ఒప్పుకున్నాక మనమూ గుర్తించాం. ఇప్పుడు ఢిల్లీలో మూడు దేశాల ఎంబసీలూ ఉన్నాయి.

మధురవాడ_అమ్మ

మా అమ్మాయి రీగాలో ఇంజనీరింగ్ చదువుతోంది, ఆ ఊళ్ళో తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. మీరంతా చెప్పినదానికి ఇంకో వైపు కూడా ఉందండీ. దేశం 1940 నుంచి ఆగకుండా ఉన్నట్టే లెక్క అన్నారు కాబట్టి, 1991లో పౌరసత్వం కూడా 1940నాటి పౌరులకి, వాళ్ళ పిల్లలకే ముందు ఇచ్చారు. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్ళు, అక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలు, పౌరులు కానివాళ్ళు అనే పాస్‌పోర్టుతో మిగిలిపోయారు. 1990లలో అలాంటివాళ్ళు ఏడు లక్షలకు పైనే. పరీక్ష రాసి చాలామంది పౌరులయ్యారు, ఇంకా కానివాళ్ళూ ఉన్నారు. లెగేషన్‌లో వాళ్ళు కాపాడిన హక్కు గొప్పదే, కాదనను. కానీ ఆ లెక్కకి బయట పడిపోయిన మనుషుల గురించి కూడా మాట్లాడాలి.

ఏయూ_పాత_మాస్టారు

బాగా చెప్పారమ్మా, ఆ సమస్య నిజం, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అబ్బాయి అడిగిన దాంట్లో ఒక్కటి మిగిలింది, అది చెప్పేస్తాను. 1991 సెప్టెంబరు 2న అమెరికా బాల్టిక్ దేశాలతో దౌత్య సంబంధాలు ప్రకటించింది, 17న మూడూ ఐక్యరాజ్యసమితిలో చేరాయి. వాషింగ్టన్‌లో లాట్వియాకి రాయబారిగా ఎవరిని పంపాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు రీగా కొత్తగా ఎవరినీ పంపలేదు. అప్పటికి ఎనభై ఏళ్ళు వచ్చిన దిన్‌బెర్గ్స్‌నే రాయబారిని చేసింది. 1993లో ఆయన చనిపోయాడు.