మొక్క నాటే రోజు, నీళ్లు పోసే రోజులు

ప్రశ్న:

మేము ఉంటున్న గృహసముదాయంలో ఏటా జూన్ 5న పర్యావరణ దినోత్సవం జరుపుతాము. ఈసారి ఏర్పాట్ల బాధ్యత నాకు అప్పగించారు. మొక్కలు నాటడం, గుడ్డ సంచులు పంచడం, ఆ రాత్రి గంటసేపు దీపాలు ఆర్పడం అనే మూడు కార్యక్రమాలు చాలాకాలంగా ఆనవాయితీగా సాగుతున్నాయి. పని మొదలుపెట్టే ముందు నిరుడు నాటిన 40 మొక్కలను ఒకసారి చూసి వద్దామని వెళ్లాను. పదకొండు మాత్రమే బతికి ఉన్నాయి. మిగిలిన చోట్ల ఊతంగా పాతిన కర్ర, దానికి కట్టిన అతిథి పేరున్న పలక ఉన్నాయే తప్ప మొక్క లేదు. ఇంటికి వచ్చి అల్మారా తెరిస్తే అక్కడ పద్నాలుగు గుడ్డ సంచులు కనిపించాయి. వాటిలో మూడింటి మడత కూడా విప్పలేదు.

ఇది చూశాక నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి వేడుకలు మానేసి రోజువారీ అలవాట్ల మీదే శ్రద్ధ పెట్టమని సభ్యులను అడగవచ్చా, లేక వేడుక వల్ల కూడా నాకు తెలియని మేలు ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1:

మీ బాధ న్యాయమైనదేనండీ. అయితే మానేయాలా వద్దా అని నిర్ణయించే ముందు దేని బరువెంతో తూచి చూడడం మంచిది. దీపాలు ఆర్పడాన్నే తీసుకుందాం. 2007లో సిడ్నీలో, గంటసేపు దీపాలు ఆర్పే ‘ఎర్త్ అవర్’ మొదలైన నాటికి ఫిలమెంటు బల్బులు ఇంకా విరివిగా వాడుకలో ఉన్నాయి. అప్పటి 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుతురును ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తోంది. అలాంటివి నాలుగు, గంటసేపు ఆర్పితే ఆదా అయ్యేది 0.036 యూనిట్. అదే 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేరకు వేడి చేయడానికి దాదాపు 0.44 యూనిట్ ఖర్చవుతుంది. అంటే ఒక మనిషి ఒక్క పూట స్నానానికి చన్నీళ్లు వాడితే, ఆ నాలుగు బల్బులను పన్నెండు గంటలు ఆర్పినంత ఆదా అవుతుంది.

2017లో సెత్ వైన్స్, కింబర్లీ నికొలస్ అనే పరిశోధకులు వ్యక్తులు చేయగలిగిన పనులను పక్కపక్కన పెట్టి లెక్కగట్టారు. కారు లేకుండా జీవిస్తే ఏడాదికి సుమారు 2.4 టన్నుల కర్బన ఉద్గారాలు, అట్లాంటిక్ దాటి వెళ్లి వచ్చే ఒక్క విమానప్రయాణం మానుకుంటే సుమారు 1.6 టన్నులు తగ్గుతాయని, బల్బులు మార్చడం, చెత్త పునర్వినియోగం వంటివి వాటి ముందు చాలా చిన్నవని వారు చూపారు. చిన్నవి చేయవద్దని నేను అనడం లేదు. చిన్నది చేసిన తృప్తి పెద్దదాన్ని మరిపించకూడదన్నదే నా ఆందోళన.

గుడ్డ సంచులను మాత్రం పంచకండి. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాతావరణంపై పడే భారం ఒక్కటే చూసినా, మామూలు పత్తి సంచిని కనీసం 52 సార్లు వాడితే గాని అది దుకాణంలో ఇచ్చే మామూలు ప్లాస్టిక్ సంచితో సమానం కాదు. ప్లాస్టిక్ నేల మీద, నీటిలో పేరుకుపోవడం వల్ల కలిగే హాని ఆ లెక్కలో లేదు కాబట్టి గుడ్డ సంచి చెడ్డదని అర్థం కాదు. ఉన్న సంచిని చిరిగేదాకా వాడాలని, పద్నాలుగు ఉన్న ఇంటికి పదిహేనోది ఇవ్వకూడదని మాత్రమే అర్థం.

జవాబు 2:

పై మిత్రుల లెక్కలు సరైనవే గాని, వేడుకను యూనిట్లలో మాత్రమే కొలవడం నాకు సమ్మతం కాదు. 1970 ఏప్రిల్ 22న అమెరికాలో తొలి ధరిత్రీ దినోత్సవానికి సుమారు రెండు కోట్ల మంది కదిలారు. ఆ ఒక్కరోజున ఎంత పొగ తగ్గిందని ఎవరూ అడగలేదు. కాని అదే ఏడాది డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది, గాలి కాలుష్యాన్ని అరికట్టే కఠినమైన చట్టం కూడా వచ్చింది. ఒక ఇంట్లో ఎంత పొదుపుగా ఉన్నా సాధించలేనిది అది. అయితే ఆనాటి జనం ప్రభుత్వాన్ని ఏదో ఒకటి చేయమని గట్టిగా అడిగారు. మీ వేడుకలో ఎవరినైనా ఏదైనా అడుగుతున్నారా? తడిచెత్త, పొడిచెత్త విడిగా తీసుకెళ్లమని స్థానిక పాలనా సంస్థను ఆ రోజు అందరూ కలిసి అడిగితే, ఆ గుమికూడడానికి ఒక ప్రయోజనం ఉంటుంది.

జవాబు 3:

నేను మొక్కల సంగతి మాత్రమే చెబుతాను, నాకు తెలిసింది అదే. చచ్చిన మొక్కను ఒకదాన్ని వేళ్లతో సహా పెకలించి చూడండి. నర్సరీ నుంచి వచ్చిన నల్ల పాలిథిన్ సంచిని తీయకుండానే, లేదా అడుగు మాత్రం చింపి, గోతిలో పెట్టి ఉంటారు. ఫొటోకు నిలబడ్డ అతిథి చేతికి మట్టి అంటకూడదని తొందరలో జరిగే పొరపాటు ఇది. వేరు బయటికి దారిలేక సంచి లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. పైన మనం ఎన్ని నీళ్లు పోసినా ఆ మొక్క దాహంతోనే చస్తుంది. ఊతకర్రకు కట్టిన తాడును కూడా మధ్యమధ్య వదులు చేయకపోతే, కాండం లావెక్కే కొద్దీ బెరడును కోసేస్తుంది.

వంగారి మాథాయి అనే పర్యావరణవేత్త 1977లో కెన్యాలో మొదలుపెట్టిన చెట్లు నాటే ఉద్యమం కూడా జూన్ 5నే, నైరోబిలో ఏడు మొక్కలు నాటడంతో ఆరంభమైంది. అదీ వేడుకే. కాని ఆ తరువాత ఆమె పల్లెటూరి స్త్రీలకు చిన్నమొత్తం చెల్లించింది, అదీ నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చేనాటికి ఆ ఉద్యమం 3 కోట్లకు పైగా చెట్లు నాటింది. మీరు వేడుకను మానవలసిన పనిలేదు, లెక్కించే తేదీని మార్చండి చాలు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఎండిపోయిన ఆరు మొక్కలను తవ్వి చూశాను. నాలుగింటికి నల్ల సంచి అలాగే ఉంది. ఒకదాని వేళ్లు సంచి ఆకారంలోనే గట్టిపడి, చేతిలోకి ముద్దగా ఊడివచ్చాయి. నాటిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, చప్పట్లు కొట్టాను.

ఈసారి పది మొక్కలే తెప్పిస్తున్నాము. ఒక్కొక్కటి ఒక్కో ఇంటికి అప్పగిస్తాము, పలక మీద అతిథి పేరుకు బదులు నీళ్లు పోసే ఇంటి నంబరు ఉంటుంది. సంచుల కోసం కేటాయించిన సొమ్ముతో తడిచెత్త కోసం రెండు కంపోస్టు తొట్లు కొనాలని సంఘంలో ప్రతిపాదించాను, చెత్త విషయమై వినతిపత్రం రాసే పని ఇంకొకరు తీసుకున్నారు. దీపాలు ఆర్పే గంట మాత్రం పిల్లలు అడిగినందువల్ల ఉంచుతున్నాము. జవాబు 3 ఇచ్చినవారిని ఒక్కటి అడగాలి: వేళ్లు చుట్టలు చుట్టుకున్నా ఇంకా పచ్చగా ఉన్న మొక్క ఒకటి ఉంది, దాన్ని ఇప్పుడు తీసి, సంచి విప్పి, మళ్లీ నాటితే బతుకుతుందా, లేక వానలు పడేదాకా ఆగాలా?